ఎడమ చెవిలో పన్నెండు పాటలు

వాసుదేవరావు చెవులు ఒక్కసారిగా పోలేదు. కుడిది చిన్నప్పుడే పోయింది. బాపట్లలో ఆరేళ్ల వయసులో చీము పట్టి, నెలల తరబడి కారి కారి, చివరికి ఏ చప్పుడూ లేకుండా ఊరుకుంది. అప్పటినుంచీ ఎవరితో మాట్లాడాల్సి వచ్చినా వాళ్లకు కుడిపక్కన చేరి నిలబడడం ఆయనకు అలవాటైపోయింది. న్యూజెర్సీలో వంతెనల ఇంజనీరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేస్తే, ఆయనకు ఒక చెవి లేదని ఆఫీసులో సగంమందికి తెలియనే తెలియదు.

ఎడమది అరవై దాటాక మొదలుపెట్టింది. ముందు ఫోన్లో ఆడవాళ్ల గొంతులు పోయాయి. తరవాత టీవీ పోయింది. ఆ తరవాత విందుల్లో పక్కవాడి మాట పోయింది. చెవి మిషను పెట్టించుకున్నాడు, అది చాలక ఇంకా పెద్దది పెట్టించుకున్నాడు. రిటైరయ్యాక, కూతురు విద్యకు దగ్గరగా ఉంటుందని భార్య సరోజతో కలిసి వర్జీనియాలోని ఆష్‌బర్న్‌కు మారేనాటికి, మనుషుల నోళ్లలోంచి వచ్చేది చప్పుడుగా మిగిలింది గాని మాటగా మిగల్లేదు. సరోజ పెదవులు కదిలేవి. మూతపెట్టిన గిన్నెలో ఏదో ఉడుకుతున్నట్టు వినబడేది. అంతే.

కాని పాట వినబడేది. అన్ని పాటలూ కాదు. ఒక్క రికార్డు మాత్రం.

అది ఫెర్రీ స్ట్రీట్ ఫోర్ అనే నలుగురు కుర్రాళ్ల బృందం పాడిన పాటల్లోంచి, జనానికి బాగా నచ్చినవి ఏరి, వాళ్లు విడిపోయాక కంపెనీ వేసిన గ్రేటెస్ట్ హిట్స్ రికార్డు. అట్టమీద నలుగురూ ఒకే రంగు కోట్లలో పడవ కమ్మీకి ఆనుకుని నిలబడి ఉంటారు. ముందువైపు ఆరు పాటలు, వెనకవైపు ఆరు. డెబ్భైల మొదట్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నాడు. అట్ట అంచులు చీకిపోయి, ఇప్పుడు టేపు పట్టుదలతో నిలబడుతోంది.

ఆ పాటలు మొదట విన్నది మాత్రం అంతకు ముందే, న్యూఆర్క్‌లో. ఎం.ఎస్. చదవడానికి వచ్చిన ఏడాది. ఊళ్లో జాతి అల్లర్లు జరిగి ఇంకా ఏడాదే అయింది, కాలిపోయిన కొట్లు అలాగే ఉన్నాయి. తను అద్దెకున్న ఇంట్లో కింది గదిలో లెస్టర్ అని బీరు ఫ్యాక్టరీలో పనిచేసే నల్లజాతి ఆయన ఉండేవాడు. వంటిల్లు ఇద్దరికీ ఒకటే. ఒక ఆదివారం లెస్టర్ రేడియోలో ఒక గొంతు వచ్చింది. 'లాస్ట్ ఫెర్రీ టు యూ' అని పాట. పై స్వరానికి వెళ్లేముందు ఆ గొంతు ఒక్కసారి మెట్టు తప్పినట్టు జారి, పడిపోతుందేమో అనుకునే లోపల పట్టుకుని పైకి పోయింది. వాసుదేవరావు చేతిలో అన్నం గరిటె అలాగే ఉండిపోయింది. చిన్నప్పుడు పెట్రోమాక్స్ వెలుతురులో చూసిన పద్యనాటకాలు జ్ఞాపకం వచ్చాయి. పద్యం చివర రాగం తీస్తూ హరిశ్చంద్రుడు కూడా అలాగే ఊపిరి ఆగిపోయే చోటుదాకా పోయి, అక్కడినుంచి ఇంకాస్త ముందుకు పోయేవాడు.

"మీవాళ్లేనా పాడేది?" అని అడిగాడు వాసుదేవరావు.

లెస్టర్ నవ్వాడు. "అందరూ అలాగే అనుకుంటారు. కాదు. ఇక్కడే, ఫెర్రీ స్ట్రీట్ కుర్రాళ్లు. పాలంత తెల్లగా ఉంటారు. మా చర్చి కిటికీ కింద నిలబడి విని, పట్టుకుపోయారు." మళ్లీ తనే అన్నాడు. "కోపం తెచ్చుకోవాలనే చూస్తాను. ఈ ఒక్క గొంతు దగ్గర మాత్రం నాకు కోపం రాదు."

ఆ గొంతు విన్స్ కొలారో అనే అతనిది. వాసుదేవరావుకు అతని గురించి అంతకంటే తెలియదు, తెలుసుకోనూ లేదు. ఒక రికార్డు చాలింది. వంతెనల లెక్కలు వేసేటప్పుడు, పెళ్లి చేసుకుని సరోజను తెచ్చుకున్నప్పుడు, విద్య పుట్టినప్పుడు, తల్లి పోయిందని టెలిగ్రాం వచ్చి టికెట్టు దొరకనప్పుడు, ఆ పన్నెండు పాటలే. సరోజకు అవి ఎప్పుడూ పట్టలేదు. "మీ తెల్లాయన మొదలెట్టాడా?" అనేది, వంటింట్లోంచి.

ఇప్పుడు ఆష్‌బర్న్ ఇంట్లో కింద బేస్‌మెంట్‌లో పాత స్పీకర్లు, రికార్డు ప్లేయరు పెట్టుకున్నాడు. వాల్యూం చివరిదాకా తిప్పి, స్పీకరు పెట్టెమీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. ఎడమచెవిలో మంద్రస్థాయి చప్పుళ్లు ఇంకా కాస్త మిగిలాయి కనక బేస్ గిటారు అడుగులు వినబడేవి. ఆ అడుగులు పట్టుకుంటే చాలు, మిగతాదంతా జ్ఞాపకం తెచ్చి పెట్టేది. గొంతు, వాయిద్యాలు, జారి పట్టుకునే ఆ చోటు, అన్నీ. నిజంగా వినేదెంత, గుర్తు తెచ్చుకునేదెంత అని ఆయన ఎప్పుడూ విడదీసుకోలేదు. పాట పూర్తిగా ఉండేది. అది చాలు.

మనుషులతో బతుకు మాత్రం ఫోనులోకి దిగింది. ఎదుటివాళ్లు మాట్లాడితే తెరమీద అక్షరాలు పడే యాప్ ఒకటి విద్య పెట్టి ఇచ్చింది. ఇంగ్లీషు బాగానే పడేది. తెలుగు దానికి చేతకాదు. సరోజ "ఏమండీ" అంటే తెరమీద "మండే" అని పడేది. మొదట్లో ఇద్దరూ నవ్వుకున్నారు. పోనుపోను సరోజ ఆ ఫోను ముందు మాట్లాడడం మానేసింది. కావలసినవి సైగలతో చెప్పేది, లేదంటే తనే చేసుకునేది. అలా ఆ ఇంట్లో ఐదేళ్లు గడిచాయి.

ఒక మే నెల మధ్యాహ్నం సరోజ పెరటి చెక్క డెక్‌మీద ఎండబెట్టిన వడియాలు తీసుకురావడానికి వెళ్లి, మెట్లమీద కాలు మడతపడి కింద పడింది. తుంటి ఎముక విరిగింది. లేవలేక అక్కడే పడి పిలిచింది. వాసుదేవరావు బేస్‌మెంట్‌లో ఉన్నాడు. పక్కింటావిడ కుక్కను తిప్పుకుని వస్తూ కంచె మీదుగా చూసి, 911కు ఫోన్ చేసి అంబులెన్సు పిలిచింది. రికార్డు రెండోవైపు అయిపోయాక, కాఫీ పెట్టుకుందామని వాసుదేవరావు పైకి వచ్చేసరికి డెక్ మెట్ల దగ్గర ఇద్దరు యూనిఫారం మనుషులు స్ట్రెచర్ ఎత్తుతున్నారు. సరోజ చుట్టూ వడియాలు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆవిడ ఆయన్ని చూసి ఏదో అంది. ఏమందో ఆయనకు తెలియలేదు.

ఆస్పత్రిలో విద్య తండ్రి ముందు కూర్చుని ఫోను మధ్యలో పెట్టి మాట్లాడింది. పుట్టింది, పెరిగింది ఇక్కడే. కోపం వస్తే ఆమెకు తెలుగు నిలవదు.

"నాన్నా, అమ్మ అరుస్తూనే ఉంది. నువ్వు పదడుగుల కింద ఉన్నావ్. దిస్ కాంట్ గో ఆన్. నాలుగేళ్లనుంచి చెప్తున్నా, ఇంప్లాంట్ చేయించుకో అని. యు కీప్ సేయింగ్ నో. ఎందుకు? టెల్ మీ వై."

ఎందుకో ఆయనకు తెలుసు. ఆ ఆపరేషన్‌లో చెవి లోపల నత్తగుల్లలా ఉండే చోటులోకి సన్నటి తీగ దూరుస్తారు. అక్కడ మిగిలిన కాస్త సహజమైన వినికిడి చాలామందికి పోతుంది. కుడిచెవి డెబ్భై ఏళ్లకు పైగా చచ్చిపడి ఉంది, దానికి పెట్టి లాభం లేదన్నారు. పెట్టాలంటే ఎడమదానికే పెట్టాలి. సర్జన్ అదీ దాచలేదు. "మాట బాగా వస్తుంది. సంగీతం విషయంలో మాత్రం నేను ఏ మాటా ఇవ్వలేను" అని ముందే చెప్పాడు. వేల నరాల పోగులు చేసే పని ఇరవై చిల్లర తీగముళ్లు చెయ్యాలి. ఇంజనీరు కనక వాసుదేవరావు సర్జన్ చూపించిన బొమ్మ చూడగానే అర్థం చేసుకున్నాడు. హార్మోనియం మెట్లమీద మోచేత్తో వాయించడంలాంటిది.

కాని భార్య మంచంమీద పడి ఉంటే, పాటకోసం మాట వద్దన్నానని కూతురితో ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

"చేయిస్తాను" అన్నాడు.

ఆగస్టులో ఆపరేషన్. ముందురోజు మధ్యాహ్నం భోంచేసి బేస్‌మెంట్‌లోకి దిగాడు. సరోజ వాకర్ పట్టుకుని మెట్ల పైన నిలబడి చూసింది. ఆవిడ కిందికి దిగలేదు. రికార్డు ఒకవైపు విన్నాడు, తిప్పి రెండోవైపు విన్నాడు. ప్రత్యేకంగా ఏదో జరుగుతుందనుకున్నాడు గాని ఎప్పటిలాగే వినబడింది. మూడో పాటలో గీతపడిన చోట ఎప్పటిలాగే ముల్లు ఎగిరింది. మళ్లీ మొదటినుంచి విందామనుకుని, అది దురాశలా అనిపించి, ప్లేయరు మూత వేసి పైకి వచ్చేశాడు.

గాయం మానాక మిషను కలిపే రోజున సరోజ, విద్య ఇద్దరూ పక్కన కూర్చున్నారు. మెలిస్సా అనే ఆడియాలజిస్టు చెవి వెనక చిన్న పరికరం పెట్టి, తలమీద అయస్కాంతం బిళ్ల అతికించి, కంప్యూటర్లో ఏదో నొక్కింది. ముందు చిటచిటలు, తరవాత కిచకిచలు. గదిలో పిచ్చుకలు దూరినట్టుంది. సరోజ ముందుకు వంగి "వినబడుతోందా?" అంది. రేకుడబ్బాలో ఇరుక్కున్న చిలక అరిచినట్టు వినబడింది. అది ఆవిడ గొంతు కాదు. కాని అది మాట. వినబడుతోందా అన్న మాట. తెర చూడకుండా, పెదవులు చూడకుండా అర్థమైంది.

"వినబడుతోంది" అన్నాడు. విద్య ఏడ్చేసింది.

మాట వరకు అందరూ చెప్పినదానికంటే బాగానే వచ్చింది. దసరా నాటికి ఎదురుగా కూర్చున్న మనిషితో ఫోను లేకుండా మాట్లాడగలిగాడు. మనవరాలు అనిక కాలేజీ కబుర్లు చెప్తే నవ్వాల్సిన చోట నవ్వాడు. టెక్సాస్‌లోని ప్లేనోలో ఉన్న పాత స్నేహితుడు కేశవరావు ఫోన్ చేసి, "ఏవయ్యా, ఇన్నాళ్లకి దొరికావు! ఇహ నిన్ను తిడితే నీకు తెలుస్తుందన్నమాట" అని గంటసేపు వాయించాడు. అందరి గొంతూ ఒక్కటే రేకు గొంతు. ఎవరు మాట్లాడుతున్నారో చూసి తెలుసుకోవాలి. అయినా మాట మాటే.

ఒకరోజు కాఫీ తాగుతూ సరోజను అడిగాడు.

"ఇన్నేళ్లూ నాకు చెప్పాలనుకుని చెప్పలేకపోయినవి ఏవైనా ఉన్నాయా? ఇప్పుడు చెప్పు."

సరోజ ఆలోచించింది. "ఏముంటాయండీ? ఎప్పటివి అప్పుడే చెప్పేశాగా."

"నాకు వినబడలేదుగా."

"వినబడకపోయినా చెప్పేశాను. మీరు అటు తిరిగి పేపర్ చదువుకుంటుంటే చెప్పేదాన్ని. చెప్పేశాక ఇంకేం మిగుల్తుంది?"

"ఏం చెప్పావు?"

"ఇప్పుడెక్కడ గుర్తుంటాయి?" అని కప్పులు తీసుకుని వాకర్ మీద పెట్టుకుని వెళ్లింది. ఆ తరవాత వాళ్లిద్దరి మధ్యా బీపీ మాత్రలు, ఫిజికల్ థెరపీ అపాయింట్‌మెంటు, బెండకాయలు ముదిరిపోయాయన్న మాట, ఇవే నడిచాయి. మాట తిరిగి వచ్చింది గాని, అది వచ్చి కూర్చోవలసిన పీటమీద అప్పటికే దుమ్ము పేరుకుపోయింది.

రికార్డు జోలికి ఆయన వెంటనే పోలేదు. మెలిస్సా తొందరపడవద్దంది. నెల దాటాక ఒకనాడు దిగి, రెండో పాటమీద ముల్లు పెట్టాడు. గోనెసంచిలో ఇత్తడి సామాను వేసి గచ్చుమీద ఈడుస్తున్నట్టుంది. అది ఏ పాటో తెలియలేదు. రికార్డు తప్పు వైపు పెట్టానేమోనని లేచి చూశాడు. సరిగ్గానే ఉంది. అది 'లాస్ట్ ఫెర్రీ'యే.

మెలిస్సాకు చెబితే ఆమె ధైర్యం చెప్పింది. "మీకు బాగా తెలిసిన పాటలే పెట్టుకోండి. సాహిత్యం ఎదురుగా పెట్టుకుని, రోజూ కాసేపు వినండి. మెదడు నేర్చుకుంటుంది. కొందరికి ఏడాది పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ." తన గదిలో దాచుకున్న ఒక పేషెంటు ఉత్తరం చూపించింది కూడా. ఆయన ఇంప్లాంట్‌తో మళ్లీ చర్చిలో పాడుతున్నాడట.

వాసుదేవరావు శ్రద్ధ అంటే మామూలు శ్రద్ధ కాదు. వంతెనకు పునాది వేసేవాడి శ్రద్ధ. విద్య అదే రికార్డును కొత్తగా శుభ్రంచేసి విడుదల చేసిన ప్రతిని ఫోన్లో పెట్టి ఇచ్చింది. అందులోంచి పాట నేరుగా చెవి పరికరంలోకే వస్తుంది. పొద్దున్న నడకలో విన్నాడు, భోజనం తరవాత విన్నాడు. ఊరంతా వెలిసిన కంప్యూటర్ల గోదాముల్లాంటి డేటా సెంటర్ల రొద గురించి కాలనీవాళ్లు పెట్టిన మీటింగుకు వెళ్లి, అందరూ చేతులు తిప్పుతూ ఫిర్యాదులు చేస్తుంటే, ఒక మూల కూర్చుని అదే విన్నాడు. చలికాలం వచ్చి వెళ్లింది. మాటలు తేలడం మొదలుపెట్టాయి. విన్స్ కొలారో ఏమంటున్నాడో ఇదివరకెన్నడూ లేనంత స్పష్టంగా అర్థమయ్యేది. యాభై ఏళ్లుగా తప్పుగా అనుకున్న ఒక మాట కూడా సరిగ్గా తెలిసింది. కాని రాగం లేదు. రైల్వేస్టేషన్లో బళ్ల రాకపోకలు చదివినట్టు చదివేవాడు కొలారో. పైకి వెళ్లడం లేదు, జారడం లేదు, పట్టుకోవడం లేదు.

ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్న స్నానం చేస్తున్నాడు. స్నానానికి పరికరం తీసేస్తాడు కనక ఆ కాసేపు పూర్తి నిశ్శబ్దం. అలాంటప్పుడు మనసులో పాట పెట్టుకోవడం ఆయనకు పాత అలవాటు. చెవి ఉన్నా లేకపోయినా ఆ పాట చెడదు, అది తన లోపలిది. ఆ ధైర్యంతోనే కదా ఆపరేషన్‌కు ఒప్పుకున్నది. 'లాస్ట్ ఫెర్రీ' మొదలుపెట్టాడు.

రేకు మోగింది.

మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే. గోనెసంచి, ఇత్తడి సామాను, బళ్ల రాకపోకలు. ఇంకో పాట పట్టుకున్నాడు, ఇంకోటి పట్టుకున్నాడు. నీళ్లు చల్లబడిపోయినా అక్కడే నిలబడి పన్నెండూ ఒకదాని తరవాత ఒకటి వెతికాడు. మాటలు వచ్చాయి, వరసగా, ఒక్కటి పొల్లు పోకుండా. వాటిమీద ఉండవలసింది లేదు. న్యూఆర్క్ వంటిల్లు కనబడింది, లెస్టర్ నవ్వు కనబడింది, రేడియో కనబడింది. రేడియోలోంచి రేకు గొంతు వచ్చింది.

రోజూ పట్టుదలగా విన్న ఆ చప్పుడు లోపలికి పోయి, అక్కడున్న పాటలమీద కూర్చుంది. చెవి పోగొట్టింది కొంతే. మిగిలినదాన్ని తన చేతులతో తనే, సాధన పేరుతో, రోజుకింత తుడిచేసుకున్నాడు.

అప్పుడు ఆయనకు తల్లి పాడే మంగళహారతి గుర్తుకొచ్చింది. దాన్ని ఈ యంత్రంలో ఎప్పుడూ వినలేదు కనక అది బాగానే ఉండి ఉంటుంది. మొదటి మాట మనసులోకి రాబోయింది. చటుక్కున ఆపేశాడు. అది కూడా పోయిందని తెలుసుకునే ధైర్యం ఆయనకు లేదు. ఆ తరవాత ఆయన దాని జోలికి ఎన్నడూ పోలేదు. పోకపోతే అది ఉన్నట్టో లేనట్టో ఆయనకే తెలియదు.

మెలిస్సాను ఒక్కసారి అడిగాడు. "ఇది తీసేస్తే పాత జ్ఞాపకం తిరిగి వస్తుందా?"

"నాకు తెలియదు, మిస్టర్ రావ్. తీసేస్తే మాట కూడా పోతుంది. అది మాత్రం నాకు తెలుసు" అంది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే విద్య ఏడుస్తుంది, సరోజ తనవల్లే అనుకుంటుంది.

నవంబరులో ఆయనకు ఎనభై నిండాయి. సహస్ర చంద్ర దర్శనం చేయిద్దామని కేశవరావు ఫోన్లో గోల పెట్టాడు. విద్య అంతకంటే పెద్దది ఏర్పాటు చేసింది. పుట్టినరోజు పొద్దున్న కవరు తెచ్చి చేతిలో పెట్టింది. నదికి అవతల మేరీల్యాండ్‌లో ఒక థియేటరులో విన్స్ కొలారో కచేరీ. నలుగురిలో బతికున్నది అతనొక్కడే. గ్రేటెస్ట్ హిట్స్ రికార్డులోని పన్నెండు పాటలూ, అదే వరసలో పాడతాడట.

"నాన్నా, ఏడాదినుంచి నువ్వు ప్రాక్టీస్ చేస్తున్నావ్ కదా. నౌ యు గెట్ టు హియర్ హిమ్ లైవ్" అంది. ఆమె మొహం చూసి ఆయన "అబ్బ, ఎంత మంచి పని చేశావమ్మా" అన్నాడు.

ముగ్గురూ వెళ్లారు. హాలు నిండా తెల్లజుట్లు, చేతికర్రలు, ఆక్సిజన్ గొట్టాలు. కొలారోను ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని మైకుదాకా తీసుకొచ్చి వదిలింది. నల్లకోటు వేసుకున్న పొట్టి ముసలాయన. నోరు తెరిచాడు.

వాసుదేవరావు పరికరం సంగీతానికి వేరే అమర్చిన పద్ధతిలోకి మార్చుకున్నాడు. ఏమీ మారలేదు. ఇక చెవులు వదిలేసి కళ్లతో చూడడం మొదలుపెట్టాడు. 'లాస్ట్ ఫెర్రీ'లో ఆ చోటు ఎప్పుడు వస్తుందో మాటలనుబట్టి ఆయనకు తెలుసు. కొలారో కళ్లు మూసుకున్నాడు, మెడనరాలు బిగుసుకున్నాయి, గడ్డం కాస్త కిందికి జారి మళ్లీ లేచింది. జారి పట్టుకున్నాడన్నమాట. ఎనభై దాటినా పట్టుకోగలిగాడు. ముందు వరసలో ఒకాయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. వాసుదేవరావు ఆ గొంతును తన లోపలినుంచి తెచ్చి ఆ నోటికి అతికించాలని చూశాడు. రేకే వచ్చింది. జనం చేతులు కదలడం చూసి పాట అయిపోయిందని తెలుసుకున్నాడు. పాటకూ చప్పట్లకూ ఆయన చెవిలో తేడా లేదు. తనూ లేచి చప్పట్లు కొట్టాడు.

పక్కకు తిరిగితే సరోజ ఏడుస్తోంది. పెదవులు కదులుతున్నాయి. పాడుతోంది. యాభై ఏళ్లు వంటింట్లోంచి విసుక్కుంటూ విన్న మనిషి, మాటలు సరిగ్గా రాకపోయినా, వరస తప్పకుండా కొలారోతో కలిసి పాడుతోంది.

కారెక్కాక ఆవిడే మొదలుపెట్టింది. "అచ్చం రికార్డులో పాడినట్టే పాడాడండీ. నాకు మన జెర్సీ సిటీ ఇల్లే కనబడింది. మీరు చొక్కా చేతులు మడుచుకుని నేలమీద కూర్చుని వినేవారు, అదంతా."

"ఎలా ఉంది నాన్నా?" అంది విద్య, అద్దంలోంచి చూస్తూ.

"చాలా బాగుంది" అన్నాడు వాసుదేవరావు. వంతెన దాటుతున్నారు. ఆయన కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ మర్నాడు సరోజ చేతికర్ర పట్టుకుని, కమ్మీ ఆసరాతో ఒక్కొక్క మెట్టే దిగి, తుంటి విరిగాక మొదటిసారి బేస్‌మెంట్‌లోకి వచ్చింది. రికార్డు పెట్టమంది. పెట్టాడు. పాత సోఫాలో ఆయనకు ఎడమపక్కన కూర్చుని మొదటి పాట అంతా విని, రెండోది వింటూ అడిగింది.

"నిన్న అందరూ దేనికి ఏడ్చారండీ? నాకెప్పుడూ మాటలు పూర్తిగా తెలియలేదు. ఏవంటాడు ఇందులో?"

ముల్లు 'లాస్ట్ ఫెర్రీ' మీద ఉంది. ఆయనకు ప్రతి మాటా వినబడుతోంది. రేకు గొంతు చెబుతుంటే ఒక్కొక్క పంక్తీ తెలుగులో చెప్పాడు. "ఆఖరి పడవ వెళ్లిపోయింది. అవతలి ఒడ్డున నీ కిటికీలో దీపం ఇంకా ఉంది. నాకు ఈత రాదు. అయినా దిగుతున్నాను. నువ్వు దీపం ఆర్పకు." తరవాత అదే మళ్లీ వచ్చింది. మళ్లీ చెప్పాడు.

సరోజ ఇంకా ఏదో ఉందన్నట్టు ఎదురుచూసింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

"వింటుంటే ఇంకా ఏదో ఉన్నట్టుంటుందే."

రికార్డు తిరుగుతోంది. ఆవిడ కళ్లు మూసుకుని, కర్రమీద వేళ్లతో తాళం వేస్తూ, ఆ ఇంకా ఏదో ఉన్నదాన్ని వినడంలో పడిపోయింది. ఆవిడ మొహంమీద అది వస్తూ పోతూ కనబడుతోంది. వాసుదేవరావు కాసేపు ఆ మొహంవంకే చూశాడు. తరవాత తలమీది బిళ్ల ఊడదీసి, చెవి వెనక పరికరం తీసి, రెండూ చొక్కా జేబులో వేసుకున్నాడు. సరోజ కళ్లు మూసుకునే ఏదో అంది. ఆయన తల ఊపాడు.